పాత సివిక్‌తో ఎండ్యూరెన్స్ రేసు: డబ్బు, శ్రమ దేనికి పెట్టాలి

డల్లాస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు మిత్రులు కలిసి 1998 నాటి హోండా సివిక్ డీఎక్స్‌ను కొన్నామనీ, చవక పాత కార్లను గంటల తరబడి ఆగకుండా నడిపే పోటీల్లో ఒకటైన, టెక్సాస్‌లో జరిగే ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ రేసుకు దాన్ని సిద్ధం చేయాలనుకుంటున్నామనీ రాశారు. చేతిలో మిగిలిన డబ్బును పెద్ద ఇంజన్‌కు పెట్టాలా, టర్బోకు పెట్టాలా, సస్పెన్షన్‌కు పెట్టాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది రెండోది. రేసు అనుభవం లేని ఐదో మిత్రుణ్ణి జట్టులో చేర్చుకోవచ్చా అన్నది మూడోది. ఇలాంటి జట్లలో మెకానిక్‌గానూ డ్రైవరుగానూ చాలాకాలంగా పనిచేస్తున్నవాడిగా మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను: ఆ మూడింటిలో మొదటి రెండింటి జోలికి అసలు పోవద్దు, మూడోదానికి కూడా, పాత భాగాలు మార్చి కొత్తవి వేయడానికీ, చక్రాల వాలు సర్దడానికీ మించి, మొదటి ఏడాది పైసా పెట్టవద్దు.

ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క వేయాలి. ఈ సిరీస్ 2006లో జే ల్యామ్ చేతుల మీదుగా కాలిఫోర్నియాలో మొదలైంది. పేరులో ఇరవైనాలుగు గంటలున్నా, ఎక్కువ రేసులు శని, ఆదివారాల పగటి పూటల్లోనే జరుగుతాయి. రెండు రోజులూ కలిపితే ఇంచుమించు పద్నాలుగు గంటలు. అంటే 50,400 సెకన్లు. మీ కారు ఒక ల్యాప్‌ను, అంటే ట్రాక్ చుట్టూ ఒక పూర్తి చుట్టును, 130 సెకన్లలో పూర్తి చేస్తుందనుకుంటే, ఎక్కడా ఆగకుండా నడిస్తే సుమారు 387 ల్యాపులు వస్తాయి. పెద్ద ఇంజన్ వేసి ప్రతి ల్యాప్‌లోనూ రెండు సెకన్లు తగ్గించగలిగారనుకోండి. రెండు రోజుల్లో మీరు సంపాదించేది 774 సెకన్లు, అంటే పదమూడు నిమిషాల కంటే కాస్త తక్కువ. ముందు చక్రం బేరింగ్ ఒక్కటి పోయి కారును గ్యారేజీలో జాకీ మీదికి ఎక్కిస్తే, ఆ పదమూడు నిమిషాలు నట్టు విప్పేలోపే హరించుకుపోతాయి. పైగా బలమైన ఇంజన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ముందు టైర్లనూ బ్రేకులనూ ఎక్కువ అరగదీస్తుంది. ట్యాంకు మాత్రం మునుపటి 11.9 గ్యాలన్లదే. ఆ రెండు సెకన్లలో సగం పెట్రోలు పోయించుకోవడానికి అదనంగా ఆగడంలోనే తిరిగి ఇచ్చేస్తారు.

దీనికి తోడు న్యాయనిర్ణేతలు ఉన్నారు. కారు మీద పెట్టిన ఖర్చు 500 డాలర్లు మించకూడదన్నది ఈ సిరీస్ మూల నియమం. రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవరు నలిగిపోకుండా లోపల కట్టే ఉక్కు గొట్టాల చట్రం), సీటు, బెల్టులు, బ్రేకులు, చక్రాలు, టైర్ల వంటి భద్రతకు సంబంధించిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు. టర్బో పెట్టిన సివిక్‌ను చూపించి ఐదు వందల్లోనే అయిందంటే వాళ్లు నవ్వుతారు, నవ్వుతూనే రేసు మొదలుకాకముందే మీ ఖాతాలో పెనాల్టీ ల్యాపులు వేస్తారు. మామూలు 106 హార్స్ పవర్ ఇంజన్‌తో వెళితే మిమ్మల్ని వేగాన్ని బట్టి విడదీసిన మూడు తరగతుల్లో కింది తరగతిలో వేసే అవకాశం ఉంటుంది. అక్కడ ఆగకుండా తిరిగే కారుకు గెలిచే అవకాశం నిజంగా ఉంది.

ఇప్పుడు పనుల వరుస. అన్నిటికంటే ముందు ఆ సంవత్సరపు నియమావళిని నలుగురూ పూర్తిగా చదవాలి. ఎవరో ఒకరు చదివి మిగిలినవారికి చెప్పడం కాదు, నలుగురూ చదవాలి. తరువాత కారులో సీట్లు, తివాచీలు, డోర్ ప్యాడ్లు, పైకప్పు గుడ్డ, ఏసీ సామగ్రి, ఎయిర్‌బ్యాగులు తీసేయండి. ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్లేముందు బ్యాటరీ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగడం మరచిపోవద్దు. నేలకు అతికించిన తారు పొరను డ్రై ఐస్‌తో గడ్డకట్టించి సుత్తితో తట్టితే పెళుసుగా ఊడివస్తుంది. దాన్ని వదిలేస్తే కేజ్ వెల్డింగ్ చేసేటప్పుడు అంటుకుని పొగ చిమ్ముతుంది.

రోల్ కేజ్‌ను రేసు కార్ల కేజ్‌లు కట్టడంలో అనుభవం ఉన్న వెల్డర్ చేతికే ఇవ్వండి. బోల్టులతో బిగించే రెడీమేడ్ కేజ్ చవక అని ఎవరైనా చెబితే వినవద్దు. మీ కారు బరువు 2,300 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, మూడు వేల పౌండ్లలోపు కార్లకు చెప్పిన కొలత, అంటే ఒకటిన్నర అంగుళాల వ్యాసమూ 0.095 అంగుళాల మందమూ ఉన్న ఉక్కు గొట్టం సరిపోతుంది. గొట్టం కొనేముందు ఆ కొలతను తాజా నియమావళితో మరొకసారి సరిచూసుకోండి. ప్రతి కాలి కింద నేలకు వెల్డ్ చేసిన మందపాటి రేకు ఉండాలి. డ్రైవరు వెనుక అడ్డంగా ఏటవాలు గొట్టం ఉండాలి. డ్రైవరు వైపు తలుపులో కనీసం రెండు అడ్డ గొట్టాలు ఉండాలి. తలుపు అద్దాన్నీ దాని యంత్రాన్నీ తీసేస్తే ఆ గొట్టాలను తలుపు ఖాళీలోకి వంచి, డ్రైవరు భుజానికి దూరంగా జరపవచ్చు. హెల్మెట్ తగిలే అవకాశం ఉన్న ప్రతిచోటా గట్టి రేసింగ్ ప్యాడింగ్ వేయించండి. ఇంట్లో నీళ్ల పైపులకు చుట్టే మెత్తని నురగ దీనికి పనికిరాదు.

భుజం బెల్టుల కోణం దగ్గర చాలా జట్లు తనిఖీలో ఆగిపోతాయి. భుజం నుంచి వెనక్కి వెళ్లే బెల్టు సమాంతరంగా గానీ, ఇరవై డిగ్రీల లోపు కిందికి గానీ ఉండాలి. అంతకంటే కిందికి లాగి నేలకు బిగిస్తే ఢీకొన్నప్పుడు వెన్నెముక నొక్కుకుపోతుంది. మీ నలుగురిలో ఒకరు ఐదడుగుల నాలుగంగుళాలు, మరొకరు ఆరడుగులు అని రాశారు కాబట్టి, కేజ్‌లోని బెల్టు గొట్టం ఎత్తును నిర్ణయించేటప్పుడు ఆ ఇద్దరినీ హెల్మెట్లతో సహా సీటులో కూర్చోబెట్టి కొలత తీయించండి. పొడుగైన వ్యక్తి హెల్మెట్‌కూ పైకప్పు గొట్టానికీ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. పొట్టి వ్యక్తికి వీపు వెనుక పెట్టుకునే నురగ ఇన్సర్ట్ చేయించుకోవడం, సీటును పట్టాల మీద జరిపే ఏర్పాటు కంటే నమ్మదగినది. బెల్టుల మీద గడువు తేదీ ఉంటుంది. వాడిన బెల్టులు చవకగా దొరికాయని కొంటే గడువు దాటి ఉంటాయి. హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ లాంటి పరికరం, నిప్పుకు తట్టుకునే సూటు ఒక్కొక్కరికీ విడిగా ఉంటే మంచిది. కారులో అమర్చిన మంటలార్పే వ్యవస్థను డ్రైవరు బెల్టు కట్టుకుని ఉండగానే అందుకుని లాగగలగాలి.

ప్రమాదంలో కారు కరెంటు మొత్తాన్ని ఒక్కసారిగా ఆపే కిల్ స్విచ్ గురించి ఒక మాట. బ్యాటరీ తీగ మధ్యలో స్విచ్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు. తనిఖీలో ఇంజన్ ఆన్‌లో ఉండగా స్విచ్ తిప్పితే ఇంజన్ ఆగదు, ఎందుకంటే ఇంజన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాన్ని నడిపిస్తూనే ఉంటుంది. ఆల్టర్నేటర్‌ను కూడా విడదీసే నాలుగు కొనల స్విచ్ కొని, ఇంజన్ నడుస్తుండగా ఇంట్లోనే పరీక్షించండి. స్టీరింగ్ తాళం తీసేయండి, వెనుకా ముందూ లాగే కొక్కేలు పెట్టండి.

ఈ భద్రతా సామగ్రి అంతా కలిపితే కారు ధరకు ఎన్నో రెట్లవుతుంది. ఈ క్రీడను చవక క్రీడ అని చెప్పేవారు ఈ విషయాన్ని ఎందుకో చెప్పరు.

ఇక మీ కారు సంగతి. నా దృష్టిలో 1996 నుంచి 2000 వరకు వచ్చిన సివిక్ ఇలాంటి పనికి దొరికే మంచి కార్లలో ఒకటి. తేలిక, సరళం, విడిభాగాలు పాత కార్ల యార్డుల్లో దొరుకుతాయి. అయితే దాని బలహీనతలు అందరికీ తెలిసినవే కనుక వాటిని ఎదురుచూసి పట్టుకోవాలి. వాటిలో చాలావరకు వేడి వల్ల వచ్చేవే. రోడ్డు మీద ఇంజన్ తన బలంలో కొంతే వాడుతుంది. రేసులో రెండు గంటలపాటు దాదాపు పూర్తిగా వాడుతుంది. టెక్సాస్ ఎండ దానికి తోడవుతుంది.

ఈ కారు రేడియేటర్ ముందు భాగంలో సగం వెడల్పు మాత్రమే ఉంటుంది, పైగా దాని ట్యాంకులు ప్లాస్టిక్‌వి. ఏసీ తీసేశాక మిగిలిన చోటులో పూర్తి వెడల్పు అల్యూమినియం రేడియేటర్ పట్టించి, దాని చుట్టూ గాలి పక్కలకు తప్పించుకోకుండా రేకుతోనో గట్టి నురగతోనో మూయండి. ఈ చివరి పని చేయకపోతే కొత్త రేడియేటర్ కొన్నందుకు సగం ఫలితమే దక్కుతుంది. థర్మోస్టాట్ తీసేయమని సలహా ఇచ్చేవారుంటారు. తీయవద్దు, కొత్తది వేయండి. హోసులు, క్లాంపులు, మూత అన్నీ కొత్తవి వేయండి. ట్రాక్ మీద కారిపోతే జారుడుగా ఉంటుంది కాబట్టి గ్లైకాల్ కూలెంట్‌ను చాలా సర్క్యూట్లు అనుమతించవు. డిస్టిల్డ్ నీళ్లు, వాటిలో తుప్పు పట్టకుండా చేసే మందు కలిపి వాడండి. చలికాలంలో షెడ్డులో పెట్టేముందు ఆ నీళ్లు తీసేయాలి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు ఒకేసారి మార్చండి. ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, అక్కడితో మీ వారాంతం ముగుస్తుంది.

కారుతో వచ్చిన ఉష్ణోగ్రత సూచికను నమ్మవద్దు, అది ముల్లు కదిలే సమయానికి ఆలస్యమై ఉంటుంది. నీటి ఉష్ణోగ్రతకూ నూనె ఒత్తిడికీ విడి మీటర్లు పెట్టి, వాటికి ఎండలో కూడా కళ్లల్లో పొడిచేటంత పెద్ద ఎర్ర దీపాలు కలపండి. మలుపులో పక్క కారుతో పోటీపడుతున్న డ్రైవరు మీటర్ల వైపు చూడడు. దీపం వెలిగితే వెంటనే ఇంజన్ ఆపి పక్కకు తీయాలన్నది ముందే అంగీకరించుకున్న నియమం కావాలి. ‘పిట్ (ట్రాక్ పక్కన జట్లు కార్లను ఆపి పనిచేసే చోటు) దాకా తీసుకొద్దాం’ అనుకున్నవాడు పిట్‌కు తెచ్చేది పనికిరాని ఇంజన్‌ను. పొడవైన మలుపుల్లో నూనె సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిలో, ఒక పక్కకు పోయి పంపుకు అందకుండా పోతుంది కాబట్టి, నూనెను పై గీత కంటే కొంచెం ఎక్కువగా పోసి, పెట్రోలుకు ఆగిన ప్రతిసారీ కొలకర్ర చూడండి. డ్రైవర్లందరూ ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర గేరు మార్చేటట్టు ఒప్పందం చేసుకుంటే ఇంజన్‌కు మీరు చేయగలిగిన మేలు అంతకు మించి లేదు.

ఆ కాలపు హోండాల్లో ఎలక్ట్రికల్ భాగాలు రెండు పేరుమోసినవి. ఒకటి, డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే. వేడికి అందులోని టంకం చిట్లి, పెట్రోలు పంపు ఆగిపోతుంది. చల్లబడ్డాక మళ్లీ పనిచేస్తుంది కనుక తప్పు ఎక్కడుందో వెతకడానికే గంట పోతుంది. రెండోది, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. ఇగ్నిషన్ మాడ్యూల్, కాయిల్ దాని లోపలే ఉంటాయి. ఈ రెండింటినీ ముందే కొత్తవి వేసి, తీసిన పాతవి పనిచేసేవైతే స్పేర్లుగా పెట్టెలో పెట్టుకోండి.

అయితే ఈ కారును ఎక్కువగా ఇంటికి పంపేది ముందు చక్రాల బేరింగులు. అతుక్కునే టైర్లు, వాలిన చక్రాలు, బ్రేకుల వేడి మూడూ కలిసి వాటిని తినేస్తాయి. బేరింగ్‌ను నకిల్‌లోకి, అంటే చక్రాన్ని పట్టి ఉంచే లోహపు దిమ్మెలోకి, ప్రెస్‌తో దించాలి. ఆ ప్రెస్ రేసు ట్రాక్ దగ్గర మీకు దొరకదు. కాబట్టి పాత కార్ల యార్డు నుంచి రెండు నకిల్‌లు తెచ్చి, వాటిలో పేరున్న జపాన్ కంపెనీ బేరింగులు, కొత్త హబ్‌లు, పొడవైన వీల్ స్టడ్‌లు, బాల్ జాయింట్లు ముందే ఇంట్లో దించి, పూర్తిగా సిద్ధమైన జతగా తీసుకెళ్లండి. బేరింగ్ మోగడం మొదలైతే నకిల్ మొత్తాన్ని మార్చేస్తారు. ఇరుసు నట్టుకు 32 మిల్లీమీటర్ల సాకెట్టు, పొడవైన పిడి ఉన్న రెంచి తప్పక ఉండాలి. ఈ మార్పిడిని మీ ఇంటి గ్యారేజీలో గడియారం పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చేసి చూడండి. మొదటిసారి మధ్యాహ్నమంతా పట్టిన పని తరువాత అరగంటకు దిగుతుంది. ఇరుసులు కూడా ఒక జత వెంట ఉండాలి, ఇరుసు కొనల్లోని సీవీ జాయింటు రబ్బరు చిరిగితే గ్రీజు నేరుగా వేడి బ్రేకు మీద పడుతుంది.

బ్రేకుల్లో డబ్బు పెట్టవలసింది ప్యాడ్లకూ ఫ్లూయిడ్‌కూ. రంధ్రాలు చేసిన డిస్కులు చూడడానికి బాగుంటాయి, రేసులో ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు వస్తాయి. రంధ్రాలు లేని మామూలు డిస్కులే వేయండి. రోడ్డు ప్యాడ్లు అరగంట కూడా ఆగవు, ఎండ్యూరెన్స్ కోసం చేసిన ప్యాడ్లు కొనండి. డాట్ 3 ఫ్లూయిడ్‌కు కొత్తగా ఉన్నప్పుడు ఉండవలసిన కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కు 230. రేసు కోసం తయారైన డాట్ 4 రకాలు అంతకంటే చాలా ఎక్కువ తట్టుకుంటాయి. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకున్నకొద్దీ ఆ స్థానం పడిపోతుంది కనుక రేసుకు ముందు వారంలో పాతది తీసి కొత్తది నింపాలి. బంపరులో ఫాగ్ లైట్ల చోట రంధ్రం చేసి, మూడంగుళాల గొట్టంతో డిస్కు మధ్యకు గాలి పట్టించడం చవకలో దొరికే గొప్ప లాభం. వెనుక డ్రమ్ములను ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి, కొత్త షూలు వేసి సర్దితే చాలు.

టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ సంఖ్య 190 కంటే తక్కువ ఉండకూడదన్నది నియమం. పదిహేను అంగుళాల చక్రాలకు 205/50 కొలత ఈ కారుకు బాగా నప్పుతుంది. ముందు చక్రాలను మూడు డిగ్రీల దాకా లోపలికి వాల్చకపోతే టైరు బయటి అంచు ఒక్క రోజులో అరిగిపోతుంది. సస్పెన్షన్‌కు మీరు పెట్టదగిన ఖర్చు ఈ వాలు సర్దే భాగాలూ, కొత్త బుష్‌లూ, లీకు లేని షాక్ అబ్జార్బర్లూ మాత్రమే. వీల్ నట్లను టార్క్ రెంచితో 80 ఫుట్ పౌండ్లకు బిగించండి, కారు పిట్‌కు వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

రేసుకు కనీసం ఒక నెల ముందు మామూలు ట్రాక్ డేకి, అంటే పోటీ లేకుండా సొంత కారును ట్రాక్ మీద నడుపుకునే రోజుకు, వెళ్లి కారును పూర్తిగా నడపండి. క్రెసన్‌లోని ట్రాక్ మీద గానీ, డెకేటర్ దగ్గరి ఈగిల్స్ క్యానియన్ ట్రాక్ మీద గానీ మీకు వీలుంటుంది. ఆ రోజు తెలుసుకోవలసిన వాటిలో ముఖ్యమైనది గంటకు ఎంత పెట్రోలు పడుతుందన్నది. ఈ ఇంజన్‌కు గంటకు ఐదు గ్యాలన్ల ప్రాంతంలో అంచనా వేసుకోవచ్చు. ట్యాంకు అడుగున ఉన్న చివరి గ్యాలన్లు మలుపుల్లో పంపుకు అందవు కనుక, నిండు ట్యాంకుతో గంటా నలభై నిమిషాలకు మించి ప్రణాళిక వేయవద్దు. అంటే రోజుకు మూడు సార్లు ఆగుతారు, ఆగినప్పుడల్లా డ్రైవరు మారతాడు. ఒక్కొక్కరికి రోజుకు ఒక వంతు చొప్పున మీ నలుగురికీ సరిగ్గా సరిపోయే లెక్క ఇది.

పిట్‌లో పెట్రోలు పోసే పనిని తేలికగా తీసుకోకండి. ఇంజన్ ఆపాలి, డ్రైవరు దిగాలి, పెట్రోలు డబ్బా పట్టుకున్నవారూ, మంటలార్పే సిలిండరు పట్టుకున్నవారూ సూటు, హెల్మెట్ లేదా ముఖ కవచం, చేతి తొడుగులు వేసుకుని ఉండాలి, పోయడం పూర్తయ్యేదాకా కారు మీద మరే పనీ జరగకూడదు. ఐదు గ్యాలన్ల డబ్బా నిండితే పదిహేను కిలోల దాకా తూగుతుంది, దాన్ని భుజం ఎత్తున కదలకుండా పట్టుకోవాలి. నీళ్లు నింపి ఇంటి దగ్గర సాధన చేయండి. కొత్త డ్రైవరు ఎక్కి బెల్టులు బిగించుకోవడానికి పట్టే సమయం పెట్రోలు పోయడానికి పట్టే సమయం కంటే ఎక్కువ ఉంటుంది. అక్కడ తగ్గించిన ప్రతి నిమిషమూ, ఇంజన్ మార్చి సంపాదించిన నిమిషంతో సమానమే, ఖర్చు మాత్రం లేదు.

చివరగా ట్రాక్ మీది క్రమశిక్షణ. చక్రాలు ట్రాక్ దాటి వెళ్లినా, గిరగిరా తిరిగినా, మరో కారును తాకినా నల్ల జెండా చూపి పిలుస్తారు. తప్పు ఎవరిదన్న వాదన అక్కడ నడవదు. మళ్లీ మళ్లీ పిలిపించుకుంటే శిక్షా సమయం పెరుగుతుంది. వెనుక నుంచి వేగంగా వచ్చే కారుకు దారి ఇవ్వడంలో నామోషీ లేదు, అద్దాల్లో చూస్తూ మీ గీత మీద మీరు స్థిరంగా ఉంటే దాటేవాడు తన దారి తాను చూసుకుంటాడు. ఈ సిరీస్‌లో కారుకు ఏదో ఒక సరదా వేషం వేయడం ఆనవాయితీ కాబట్టి, మీ సివిక్‌కు పల్లెవెలుగు బస్సు రంగులు వేసి పైన మార్గం పలక పెట్టమని నా సలహా. ఆ బస్సులాగే అది కూడా ఎవరినీ దాటకపోయినా చేరవలసిన చోటికి చేరుతుంది. న్యాయనిర్ణేతలకు దాని సంగతి వివరించడానికి మాత్రం కొంత సమయం పెట్టుకోవాలి.

ఐదో మిత్రుడి విషయానికి వస్తే, తప్పకుండా తీసుకోండి, కానీ ఈసారికి డ్రైవరుగా కాదు. అతనికి మాన్యువల్ గేర్లు అలవాటు లేదని మీరే రాశారు. అలసిన ఇంజన్‌నూ క్లచ్‌నూ రేసు మధ్యలో అతనికి నేర్పడానికి వాడకూడదు. రేడియో, గడియారం, పెట్రోలు లెక్క, డ్రైవర్ల వరుస అన్నీ అతని చేతికి ఇవ్వండి. డ్రైవరు ఎప్పుడు మంచినీళ్లు తాగాలో, ఎప్పుడు పిట్‌కు రావాలో అతను చెబుతాడు, మిగిలిన నలుగురూ వింటారు. వచ్చే ఏడాదిలోగా ట్రాక్ డేలకు వెళ్లి గేర్లు అలవాటు చేసుకుంటే, అప్పుడు అతనికి శనివారం ఉదయపు మొదటి వంతు కాకుండా, కార్ల సంఖ్య తగ్గి ట్రాక్ కాస్త ఖాళీ అయ్యే ఆదివారం వంతు ఒకటి ఇవ్వండి.